ముందు మీ లెక్క, తరువాత వాళ్ల కొటేషన్

కంపెనీ డేటా సెంటర్‌కు కొత్త ఫ్లాష్ స్టోరేజ్ కొనాలన్న మాట బయటికి పొక్కగానే మీ ఫోన్ మోగడం మొదలవుతుంది. అప్పటిదాకా పేరు కూడా గుర్తులేని సేల్స్ మేనేజర్లు "సార్, ఇటువైపే వచ్చాను, ఓ అరగంట టైమిస్తారా" అంటారు. వారం తిరిగేసరికి టేబుల్ మీద మూడు కొటేషన్లు. ఒకరు పది లక్షల ఐఓపీఎస్ (సెకనుకు చేసే రీడ్-రైట్ పనులు) అన్నారు. ఇంకొకరు ఐదుకొకటి డేటా రిడక్షన్ గ్యారంటీ అన్నారు. మూడో ఆయన 99.9999 శాతం అందుబాటు అన్నారు. ముగ్గురూ నిజమే చెప్పి ఉండొచ్చు. అయినా ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏది మెరుగో తేల్చడం ఎవరివల్లా కాదు. ఎవరికి అనుకూలమైన కొలబద్ద వాళ్లే తెచ్చుకున్నారు మరి.

కోట్ల రూపాయల నిర్ణయం నెత్తిన పడినప్పుడు మనిషి సహజంగా చేసే పని, ఎదుటివాడి అంకెలు అర్థం చేసుకోవడానికి తంటాలు పడటం. రాత్రిళ్లు డేటాషీట్లు చదువుతాం, తెలిసినవాళ్లకు ఫోన్లు చేస్తాం, గార్ట్‌నర్ చతురస్రంలో ఎవరు ఏ మూలన ఉన్నారో చూస్తాం. ఇవేవీ తప్పు కాదు గాని, వరస తప్పు. తన లెక్క తన దగ్గర లేనివాడికి ఎదుటివాడి లెక్కే దిక్కవుతుంది. ఓ మోస్తరు ఆసుపత్రిలోనో, సహకార బ్యాంకులోనో, ఫ్యాక్టరీలోనో ఐటీ బాధ్యత మోస్తూ, ఏడెనిమిదేళ్లకోసారి మాత్రమే ఇలాంటి కొనుగోలు చేసేవారి కోసం ఈ అధ్యాయం. అమ్మేవాడికి ఇది ఈ నెలలో పదో డీల్. మీకు ఉద్యోగ జీవితంలో రెండోదో మూడోదో. ఆ తేడాను పూడ్చేది మీ కొలతలే.

నెల రోజుల కొలత

ఎవరినీ పిలవకముందు, ఉన్న సిస్టమ్‌ను ఒక నెల కొలవండి. నెల ఎందుకంటే, మన ఆఫీసుల్లో పని ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. నెలాఖరు జీతాలు, జీఎస్టీ రిటర్నులకు 11, 20 తేదీల హడావిడి, రాత్రి బ్యాకప్, ఆదివారం నడిచే పెద్ద రిపోర్టులు అన్నీ అందులో పడాలి. లినక్స్‌లో ఐఓస్టాట్, విండోస్‌లో పెర్ఫ్‌మాన్, వీఎంవేర్‌లో ఈఎస్‌ఎక్స్‌టాప్ ఉచితంగానే ఉన్నాయి. లైవ్ ఆప్టిక్స్ అనే ఉచిత సాధనం ఏ కంపెనీ పెట్టెనైనా కొలిచి చక్కని నివేదిక ఇస్తుంది. అది డెల్ వాళ్లది. వాడుకోండి, నివేదిక ఎవరి కంట పడుతుందో మాత్రం మరచిపోకండి.

రాసుకోవాల్సినవి ఎక్కువేమీ లేవు: సెకనుకు ఎన్ని రీడ్‌లు, ఎన్ని రైట్‌లు, ఒక్కో అభ్యర్థన సైజు ఎన్ని కిలోబైట్లు, ఒక్కోదానికి జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తోంది, డేటా నెలకు ఎంత పెరుగుతోంది. సగటు అంకెను నమ్మి కూర్చోవద్దు. ఇరవై నాలుగు గంటల సగటు 3,000 ఐఓపీఎస్ ఉన్న చోటే ఉదయం పదిన్నరకు 25,000 ఉండొచ్చు. ఉద్యోగులు తిట్టుకునేది ఆ పదిన్నరకే. 95వ పర్సంటైల్, 99వ పర్సంటైల్ అంకెలు తీయండి. డేటా పెరుగుదలలో చాలామంది వదిలేసేది లాగ్ ఫైళ్లు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. అవి ఫ్లాష్ మీదే ఉండాలని ఎవరూ అనలేదు గాని, ఎక్కడో ఒకచోట చోటు కావాలి కదా.

కొలవడం మొదలుపెడితే కొందరికి ఒక చేదు నిజం ఎదురవుతుంది. "సాఫ్ట్‌వేర్ స్లోగా ఉంది" అని ఫిర్యాదు వచ్చిన సమయంలోనే డిస్క్ జవాబు రెండు మిల్లీసెకన్లలో వస్తూంటుంది. అంటే దోషం స్టోరేజ్‌ది కాదు. ఎక్కడో ఇండెక్స్ లేని టేబుల్‌ను ఏదో రిపోర్టు మొదటినుంచి చివరిదాకా చదువుతోంది, లేదా నెట్‌వర్క్ స్విచ్ ఉక్కిరిబిక్కిరి అవుతోంది. కోటి రూపాయల పెట్టె తెచ్చినా ఆ రిపోర్టు పెద్దగా మారదు. ఈ సంగతి కొన్న తరువాత కాక ముందే తెలిస్తే మీ పరువూ కంపెనీ డబ్బూ దక్కుతాయి. ఒక్క డేటాబేస్ నిపుణుణ్ణి పది రోజులు పిలిపిస్తే తీరే సమస్యకు స్టోరేజ్ అరే (డ్రైవ్‌లన్నీ కలిసి ఉన్న పెట్టె) కొన్న సంస్థలు మన ఊళ్లలో తక్కువేం లేవు.

అదే జవాబు పదిహేను, ఇరవై మిల్లీసెకన్లు పడుతోందనుకోండి, అప్పుడు ఫ్లాష్ నిజంగా బతుకు మారుస్తుంది. నిమిషానికి 15,000 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికే నాలుగు మిల్లీసెకన్లు కావాలి. దానికి హెడ్ కదలడానికి పట్టే సమయం కలపండి. అందుకే అలాంటి డిస్క్ ఎంత గింజుకున్నా సెకనుకు 200 పనులకు అటూఇటూ. ఫ్లాష్‌లో తిరిగేదీ కదిలేదీ లేదు గనుక జవాబు ఒక మిల్లీసెకను లోపే వస్తుంది. పది నుంచి అర మిల్లీసెకనుకు వస్తే రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయికి కూడా తేడా తెలుస్తుంది. అర నుంచి 0.2కు వస్తే, స్టాక్ ట్రేడింగ్, పెద్ద కోర్ బ్యాంకింగ్ లాంటి చోట్ల తప్ప ఎవరికీ తెలియదు. పేరున్న కంపెనీల ఫ్లాష్ అరేలను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు నేనైతే వేగాన్ని చివరి ప్రశ్నగా పెడతాను. బ్రోచర్లలో మాత్రం అదే మొదటి పేజీ.

పది లక్షల ఐఓపీఎస్ ఎవరివి?

ఆ పది లక్షల అంకె వెనక రెండు మాటలు దాగి ఉంటాయి: అన్నీ రీడ్‌లే, ఒక్కోటి నాలుగు కిలోబైట్లే. నాలుగు కిలోబైట్ల చొప్పున పది లక్షలంటే సెకనుకు సుమారు నాలుగు గిగాబైట్లు. మీ డేటాబేస్ సగటున 32 కిలోబైట్ల అభ్యర్థనలు పంపుతుందనుకుంటే అదే పది లక్షలకు 32 గిగాబైట్లు కావాలి. ఒక 32 గిగాబిట్ ఫైబర్ చానల్ పోర్టు మోసేది సెకనుకు దాదాపు 3.2 గిగాబైట్లు. పది పోర్టులు నిండుగా పారితే తప్ప ఆ అంకె రాదు. "మా బ్లాక్ సైజుకు, మా రీడ్-రైట్ నిష్పత్తికి, ఒక మిల్లీసెకను లోపు జవాబుతో ఎన్ని ఇస్తారు?" అని అడిగి చూడండి. బ్రోచర్ తెచ్చినాయన డైరీ తెరుస్తారు.

ఫ్లాష్ లోపలి సంగతి కొంచెం తెలిస్తే డెమోలు మిమ్మల్ని అంతగా మురిపించవు. తోషిబాలో ఫుజియో మసుఓకా 1980లలో కనిపెట్టిన ఈ మెమరీలో, ఇప్పుడు అందరూ వాడే నాండ్ రకం 1987లో వెలుగు చూసింది. అప్పటినుంచి ఇప్పటిదాకా దాని స్వభావం ఒక్కటే: రాసిన చోట మళ్లీ నేరుగా రాయడానికి వీల్లేదు, ముందు చెరపాలి. ఒక్క అక్షరం చెరపాలన్నా మొత్తం చెరిపేయక తప్పని పలక అనుకోండి. రాయడం కొన్ని కిలోబైట్ల పేజీల్లో, చెరపడం మెగాబైట్ల లెక్కన బ్లాకుల్లో. అందుకని అరే నిరంతరం పనికొచ్చే పేజీలను వేరే చోటికి సర్ది, పాత బ్లాకులను తుడిచి ఖాళీ చేసుకుంటూ ఉంటుంది. పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు ఈ పని తెర వెనక సాగిపోతుంది. నిండేకొద్దీ అది మీ రైట్‌లతో పోటీకి దిగుతుంది.

డెమోకు తెచ్చిన కొత్త పెట్టె ఎందుకు ఎప్పుడూ జింకలా పరిగెడుతుందో ఇప్పుడు తెలిసింది కదా. పీఓసీ (కొనేముందు మీ దగ్గరే చేసే పరీక్ష) పెట్టించుకుంటే ఆ పెట్టెను ముందు ఎనభై శాతం నింపండి, కొన్ని గంటలపాటు ఎక్కడపడితే అక్కడ తిరగరాయించండి, ఆ తరువాత కొలవండి. నింపేటప్పుడు సున్నాలు రాయించకండి. సున్నాలను ఏ అరే అయినా గుర్తుపట్టి అసలు డ్రైవ్ దాకా వెళ్లనివ్వదు. ఎఫ్‌ఐఓ, వీడీబెంచ్ లాంటి సాధనాల్లో డేటా ఎంత కుదించదగినదిగా ఉండాలో, ఎంత పునరావృతం కావాలో మీరే పెట్టుకోవచ్చు. మీ డేటాకు దగ్గరగా పెట్టండి. వీలైతే మీ పాత డేటాబేస్ కాపీనే ఎక్కించండి, అంతకు మించిన పరీక్ష లేదు.

సెల్‌లో ఎన్ని బిట్లు దాస్తున్నారన్నదీ అడగాలి. మూడైతే టీఎల్‌సీ, నాలుగైతే క్యూఎల్‌సీ. బిట్లు పెరిగితే టెరాబైట్ ధర తగ్గుతుంది, రాత నెమ్మదిస్తుంది, చెరిపి రాయగలిగిన ఆయుష్షూ తగ్గుతుంది. క్యూఎల్‌సీ అనగానే ముఖం చిట్లించనక్కర్లేదు. ప్యూర్ ఫ్లాష్‌అరే సీ, నెట్‌యాప్ ఏఎఫ్ఎఫ్ సీ వరసలు దాని మీదే నడుస్తున్నాయి, ఎక్కువగా చదివి తక్కువగా రాసే పనికి హాయిగా సరిపోతాయి. బిల్లింగ్ డేటాబేస్‌ను దాని మీద పెట్టమంటేనే నేను ఆగుతాను.

ఐదుకొకటి అన్న మాట

డబ్బు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

అరే లోపలికి వచ్చే డేటాలో ఒకేలా ఉన్న ముక్కలను ఒక్కసారే దాచడం డీడూప్లికేషన్, ఉన్నదాన్ని కుదించి దాచడం కంప్రెషన్. రెండూ కలిపి ఐదు టెరాబైట్ల డేటా ఒక టెరాబైట్‌లో పడితే ఐదుకొకటి. డెల్ తన పవర్‌స్టోర్‌కు 2024 నుంచి 5:1 హామీ ఇస్తోంది, నెట్‌యాప్ తన శాన్ పెట్టెలకు 4:1 ఇస్తోంది. మిగతావాళ్లూ ఏదో ఒక రూపంలో ఇస్తారు. హామీ అబద్ధం కాదు. అది ఎవరి డేటాకు వర్తిస్తుందన్నదే ప్రశ్న.

గుంటూరులో ఓ మూడు వందల పడకల ఆసుపత్రి అనుకుందాం. మొత్తం డేటా 50 టెరాబైట్లు. అందులో వర్చువల్ మెషీన్లు 10, రోగుల రికార్డులూ బిల్లింగూ ఉన్న డేటాబేస్ 6, సీటీ, ఎమ్మారై, ఎక్స్‌రే చిత్రాలు దాచే ప్యాక్స్ వ్యవస్థ 34. సేల్స్ ఆయన 50ని ఐదుతో భాగించి "సార్, పది టెరాబైట్లు చాలు, పెరుగుదలకు ఇంకో ఐదు వేద్దాం" అంటారు. కొటేషన్ చూడముచ్చటగా వస్తుంది.

మనం విడివిడిగా లెక్క వేద్దాం. వర్చువల్ మెషీన్లలో ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ పదేపదే ఉంటుంది కాబట్టి నాలుగుకొకటి వచ్చిందనుకోండి, 10 కాస్తా 2.5 అయింది. డేటాబేస్ రెండుకొకటి, 6 కాస్తా 3. ఇక చిత్రాలు. అవి చాలాచోట్ల ముందే కుదించి దాచినవి, మళ్లీ కుదించబోతే పది శాతం తగ్గితే గొప్ప. 34 కాస్తా 31 దగ్గర ఆగుతుంది. మొత్తం 36.5. చెప్పింది పది, కావలసింది ముప్పై ఆరున్నర. అసలు నిష్పత్తి 1.4కు కాస్త తక్కువ. డేటాబేస్‌లోనే ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే ఆ రెండుకొకటి కూడా పోతుంది, ఎన్‌క్రిప్ట్ అయిన డేటాలో కుదించడానికి ఏమీ మిగలదు. సీసీ కెమెరాల వీడియో, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అప్పటికే కుదించిన ఫైళ్లు, అన్నింటిదీ ఇదే కథ.

ఆ ఆసుపత్రికి నేనిచ్చే సలహా, మొత్తం ఫ్లాష్ కొనవద్దని. డేటాబేస్, వర్చువల్ మెషీన్లు, ఈ ఏడాది చిత్రాలు ఫ్లాష్ మీద పెట్టి, పాత చిత్రాలను మామూలు డిస్కుల పెట్టెలోకో ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లోకో మళ్లించమంటాను. మూడేళ్ల కిందటి ఎక్స్‌రే నాలుగు సెకన్లు ఆలస్యంగా తెరుచుకుంటే డాక్టరు గారు ఒకసారి విసుక్కుంటారు, అంతే.

హామీ కాగితంలో చిన్న అక్షరాలు చదవండి. ముందే కుదించిన, ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాను సాధారణంగా మినహాయిస్తారు. కొందరు వాడని థిన్ ప్రొవిజనింగ్ ఖాళీని, స్నాప్‌షాట్‌లను కూడా నిష్పత్తిలో కలిపేసి ఇరవైకొకటి అని చూపిస్తారు, అవి తీసేసిన అంకె అడగాలి. మాట తప్పితే ఏమిస్తారన్నదీ ముఖ్యమే. అదనపు డ్రైవ్‌లు ఉచితంగా ఇస్తామంటే సరే, వాటికి షెల్ఫ్ ఎవరిది, సపోర్ట్ చార్జీ ఎవరిది? ఇంకో చిన్న మెలిక. డ్రైవ్ మీద రాసే 100 టెరాబైట్లు కంప్యూటర్ లెక్కలో 90.9గా కనబడతాయి. ఒకరు టీబీలో, మరొకరు టీఐబీలో కోట్ చేస్తే పది శాతం తేడా నిశ్శబ్దంగా దూరిపోతుంది. రెయిడ్, స్పేర్, సిస్టమ్ ఖర్చు అన్నీ పోను, ఏ రిడక్షనూ కలపకుండా, టీఐబీలో వాడుకోగలిగినది ఎంత? ప్రతి కొటేషన్ మీదా ఈ ఒక్క గడి నింపించండి.

పీకి చూడండి

99.9999 శాతం అంటే ఏడాదికి 31.5 సెకన్ల విరామం. వినడానికి బాగుంటుంది. అది ఆ కంపెనీ పెట్టెలన్నింటి సగటు. మీ ఒక్క పెట్టె ఆరు గంటలు పడిపోయినా ఆ సగటు చెక్కుచెదరదు. కాబట్టి ఆ అంకెను గౌరవంగా పక్కన పెట్టి, పీఓసీలో నిండు లోడ్ నడుస్తుండగా ఒక కంట్రోలర్ పీకించండి. రెండు డ్రైవ్‌లు పీకించండి. ఒక పవర్ కేబుల్ తీయించండి. లోడ్ మీదే ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ చేయించండి. ప్రతిసారీ జవాబు సమయం ఎంతకు ఎగబాకిందో రాసుకోండి. ఈ మాట అనగానే ఒక కంపెనీ ఇంజనీర్ నవ్వుతూ లేస్తాడు, ఇంకో కంపెనీ మేనేజర్ "పాలసీ ఒప్పుకోదండీ" అంటారు. మీకు కావలసిన సమాచారం సగం అక్కడే దొరికింది.

రెండు కంట్రోలర్లూ చెరో డెబ్బై శాతం పనిలో ఉంటే, ఒకటి పోయిన రోజు మిగిలినది నూట నలభై మోయలేదు. ప్యూర్ ఫ్లాష్‌అరే ఈ చిక్కును తప్పించుకోవడానికి ఒక కంట్రోలర్‌తోనే పని నడిపి రెండోదాన్ని సిద్ధంగా ఉంచుతుంది, అందుకే ఒకటి పోయినా వేగం తగ్గదు. రెండూ పనిచేసే డిజైన్లలో ఆ క్రమశిక్షణ మీరే పాటించాలి, ఒక్కోటీ యాభై దాటకుండా చూసుకోవాలి.

రెయిడ్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు 2019 నవంబరు సంగతి తెలుసుకోవాలి. తమ సర్వర్లలో, కొన్ని స్టోరేజ్ పెట్టెల్లో వాడిన కొన్ని ఎస్‌ఏఎస్ ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు పనిచేయగానే చచ్చిపోతాయని, వాటిలోని డేటా కూడా తిరిగి రాదని హెచ్‌పీఈ స్వయంగా ప్రకటించి కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చింది. అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. రెండుకు పదిహేనో ఘాతం అని చూడగానే ప్రోగ్రామర్లకు అసలు విషయం తడుతుంది. 2020 మార్చిలో మరికొన్ని డ్రైవ్‌లకు ఇదే తరహాలో 40,000 గంటల గడువు బయటపడింది. ఇందులో భయపెట్టేది లోపం కన్నా దాని సమయం. ఒకే రోజు పెట్టిన డ్రైవ్‌లు ఒకే గంటకు పోతాయి. ఒకటో రెండో పోతే కాపాడటానికి పుట్టిన రెయిడ్ అలాంటప్పుడు చూస్తూ ఉండిపోతుంది. ఫర్మ్‌వేర్ హెచ్చరికలు మీకు ఎలా చేరతాయి, ఎవరు చదువుతారు, ఎన్నాళ్లలో ఎక్కిస్తారు అన్న మూడు ప్రశ్నలకు మీ ఆఫీసులో ఒక మనిషి పేరు ఉండాలి.

ర్యాన్సమ్‌వేర్ విషయం ఇక్కడే చెప్పుకోవాలి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయి రెండు వారాలు ఓపీ చీట్లు చేత్తో రాసుకున్నారు. 2024 జూలై ఆఖరున సి-ఎడ్జ్ అనే సేవా సంస్థ మీద దాడి జరిగితే దాని మీద ఆధారపడిన దాదాపు మూడు వందల చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. అందుకని అరేలో అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగిలించినవాడు కూడా గడువులోపు చెరపలేని స్నాప్‌షాట్‌లు ఉండాలి. ప్యూర్‌లో దాన్ని సేఫ్‌మోడ్ అంటారు, ఐబీఎంలో సేఫ్‌గార్డెడ్ కాపీ, నెట్‌యాప్‌లో ట్యాంపర్‌ప్రూఫ్ స్నాప్‌షాట్. పీఓసీలో అడ్మిన్‌గా లాగిన్ అయి చెరపడానికి మీరే ప్రయత్నించండి. ఇవన్నీ ఉన్నా, వేరే చోట బ్యాకప్ లేకపోతే లేనట్టే.

పేర్ల దగ్గరికి వస్తే

అన్నీ చెప్పి పేర్ల దగ్గర తప్పుకోవడం బాగుండదు కాబట్టి నా అభిప్రాయాలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. ఇద్దరు ముగ్గురే ఉన్న ఐటీ విభాగానికి ప్యూర్ సులువు. రోజువారీ నిర్వహణ తక్కువ, ఎవర్‌గ్రీన్ ఒప్పందంలో కంట్రోలర్లను పెట్టె మార్చకుండానే కొత్తవి చేస్తారు. ధర దగ్గర మాత్రం గట్టిగా కూర్చుంటారు. ఫైళ్లూ బ్లాకులూ రెండూ ఒకే పెట్టెలో కావాలంటే నెట్‌యాప్ ఓఎన్‌టాప్‌కు ఉన్న అనుభవం పెద్దది. దాని మీటలు కూడా అన్నే ఉంటాయి, తెలిసిన మనిషి ఉండాలి. డెల్ పవర్‌స్టోర్ మధ్యతరహా సంస్థలకు అన్నీ కాస్త కాస్త చేస్తుంది, పవర్‌మ్యాక్స్ మెయిన్‌ఫ్రేమ్ ఉన్న పెద్ద బ్యాంకుల సరుకు. ఇప్పటికే రెండు మూడు కంపెనీల పాత పెట్టెలు ఉండి, వాటినీ వెనక తగిలించి వాడుకోవాలంటే ఐబీఎం ఫ్లాష్‌సిస్టమ్ చూడాలి. దాని డ్రైవ్‌లు కంప్రెషన్ పనిని తమలోనే హార్డ్‌వేర్‌తో చేస్తాయి. హిటాచీ వీఎస్‌పీ ఆగకూడని చోట్లకు పేరు పడింది. హెచ్‌పీఈ అలెట్రాకు నింబుల్ నుంచి వచ్చిన ఇన్ఫోసైట్ విశ్లేషణ బలం. అది ఇంటర్నెట్‌కు సమాచారం పంపి పనిచేసేది, ప్రభుత్వ మూసిన నెట్‌వర్కులో ఆ బలం సగం పోతుంది.

పెట్టె ఎంత బాగున్నా కంపెనీ బతకాలి, ఆ ఉత్పత్తి కూడా బతకాలి. వయొలిన్ మెమరీ ఒకప్పుడు ఫ్లాష్ అరేల్లో అందరికన్నా వేగం. 2013 సెప్టెంబరులో షేరు 9 డాలర్లకు మార్కెట్‌కు వచ్చి మొదటి రోజే ఇరవై శాతం పైగా పడింది, 2016 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఎక్స్‌ట్రీమ్‌ఐఓను 2012లో ఈఎంసీ కొంది, ఈఎంసీని 2016లో డెల్ కొంది, 2020లో పవర్‌స్టోర్ వచ్చాక చూపంతా అటు మళ్లింది. ఈ మోడల్‌కు విక్రయం ఆగే తేదీ, సపోర్ట్ ఆగే తేదీ ఎప్పుడని సూటిగా అడగండి. వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొని శాశ్వత లైసెన్సులు ఎత్తేశాక చాలామంది వేరే దారులు చూస్తున్నారు. మీరు రేపు హైపర్‌-వీకో ప్రాక్స్‌మాక్స్‌కో మారితే ఈ అరే అప్పటికీ మద్దతిస్తుందా అన్నది కూడా అప్పుడే అడిగి తేల్చుకోండి.

డబ్బు, కాగితం, మనుషులు

మొదటి ధర చూసి ఎల్-1 (అతి తక్కువ ధర కోట్ చేసినవారు) ఎవరో తేల్చే అలవాటు ఈ సరుకుకు పనికిరాదు. మూడేళ్ల వారంటీతో చవగ్గా ఇచ్చి, నాలుగో ఏడు సపోర్ట్ రెన్యువల్‌లో వడ్డీతో వసూలు చేసుకోవడం పాత విద్య. ఐదేళ్లకూ, వీలైతే ఏడేళ్లకూ సపోర్ట్ ధర ఇవాళే రాయించుకోండి. రెండేళ్ల తరువాత కొనే అదనపు డ్రైవ్‌ల ధర కూడా ఇవాళే. నాండ్ ధరలు 2023లో పాతాళానికి పడ్డాయి, 2025 చివర్లో ఏఐ గిరాకీతో మళ్లీ పైకి లేచాయి. ఒకసారి పెట్టె లోపలికి వచ్చాక మీకు బేరమాడే చోటు ఉండదు.

నాలుగు గంటల్లో స్పేర్ పార్ట్ అని రాసి ఉంటే, ఆ డిపో ఏ ఊళ్లో ఉందో అడగండి. హైదరాబాద్ నుంచి శ్రీకాకుళానికి నాలుగు గంటల్లో ఏ డ్రైవరూ రాలేడు. పాడైన డ్రైవ్‌ను వెనక్కి ఇవ్వాలా అన్నది ఇంకొకటి. రోగుల వివరాలో ఖాతాదారుల వివరాలో ఉన్న డ్రైవ్ మీ గుమ్మం దాటకూడదు, దానికి మీడియా రిటెన్షన్ అనే షరతు విడిగా కొనాలి. చాలా కొటేషన్లలో ఆ లైను ఉండదు.

"మార్చి 31 లోపు ఆర్డరిస్తే ఈ రేటు" అన్న ఒత్తిడి మీకు తెలిసిందే. అది మన ఆర్థిక సంవత్సరం. హిటాచీది కూడా మార్చితోనే ముగుస్తుంది. డెల్, ప్యూర్ సంవత్సరాంతం జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో, నెట్‌యాప్‌ది ఏప్రిల్ ఆఖరున, హెచ్‌పీఈది అక్టోబరు ఆఖరున, ఐబీఎంది డిసెంబరులో. తొందర ఎవరిదో తెలిసినవాడు ఓపికగా కూర్చోగలడు.

ఇక మీ మీద మీరు కాస్త నిఘా పెట్టుకోవాలి. మనలోని ఇంజనీరుకు కొత్తది కావాలి. ఎన్‌వీఎంఈ ఓవర్ ఫ్యాబ్రిక్స్ అన్న మాట రెజ్యూమేలో అందంగా ఉంటుంది. 25,000 ఐఓపీఎస్ అవసరానికి అది కావాలా, దానికోసం స్విచ్‌లు, కార్డులు మార్చాలా అని అడిగేది ఫైనాన్స్ మేనేజర్ కాకూడదు, మీరే అయి ఉండాలి. అలాగే ఏ సేల్స్ టీమ్ మనిషి బాగా మాట్లాడతాడో ఆ పెట్టె మీదికి మనసు పోతుంది. దీనికి మందు, ధరల కవర్లు తెరవకముందే మార్కుల పట్టీ రాసి పెట్టుకోవడం. సామర్థ్యానికి ఎన్ని, వైఫల్య పరీక్షకు ఎన్ని, సపోర్ట్‌కు ఎన్ని, ఐదేళ్ల మొత్తం ఖర్చుకు ఎన్ని. దాని మీద ఫైనాన్స్ వాళ్లతో, సాఫ్ట్‌వేర్ వాడే విభాగాల పెద్దలతో సంతకాలు పెట్టించండి. తరువాత ఎండీ గారికి తెలిసినవాళ్ల దగ్గరనుంచి ఫోన్ వచ్చినా మీరు గొంతు పెంచనక్కర్లేదు, పట్టీ ముందు పెడితే చాలు. నిర్ణయమయ్యాక ఎందుకు ఇది, ఎందుకు మిగతావి కాదు అని ఒక పేజీ రాసి ఫైల్లో ఉంచండి. మూడేళ్ల తరువాత ఆడిటర్ అడిగేది ఆ పేజీనే, అప్పటికి మీరు ఆ కుర్చీలో ఉన్నా లేకపోయినా.

కొలతలు చేతికొచ్చాక కంపెనీలన్నింటికీ ఒకే ఉత్తరం పంపండి. మా పీక్ ఇంత, మా బ్లాక్ సైజు ఇంత, మా డేటా ఈ రకాలుగా ఇంతింత. దీనికి రిడక్షన్ లేకుండా వాడుకోగల టీఐబీ ఎంత, కంట్రోలర్ పోయినప్పుడు వేగం ఎంత, ఐదో ఏడు సపోర్ట్ ధర ఎంత, స్పేర్ డిపో ఎక్కడ? లెటర్‌హెడ్ మీద, సంతకంతో, పది రోజుల్లో జవాబు కావాలని రాయండి. ఫోన్‌లో చెప్పినవి లెక్కలోకి రావని కూడా రాయండి. గడువులోపు ఈ నాలుగింటికీ రాతలో జవాబివ్వని కంపెనీని, ధర ఎంత తక్కువైనా సరే, జాబితాలోంచి తీసేయండి.